సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ మీద సిబ్బందికి శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్సెల్, ట్యాలీ నేర్పడానికి వీధికో ఇన్‌స్టిట్యూట్ ఉంది. మీ సహకార సంఘం సాఫ్ట్‌వేరో, మీ ఆసుపత్రి బిల్లింగో, మీ మిల్లు స్టాకు ప్రోగ్రామో నేర్పడానికి ఏ ఇన్‌స్టిట్యూటూ లేదు. దాని మీద పుస్తకం దొరకదు, యూట్యూబ్‌లో వీడియో దొరకదు. ఎవరి తిప్పలు వాళ్లు పడాల్సిందే. చాలా ఏళ్లుగా నేను ఆ తిప్పల్లోనే ఉన్నాను. ఎక్కువగా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో, మధ్యమధ్యలో ఒకట్రెండు ఆసుపత్రుల్లో, ఒక రైస్ మిల్లులో నేర్పాను. మేనేజర్లు, సంఘం సీఈవోలు, యజమానులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా సంఘాల నుంచే వస్తాయి, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు వచ్చి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చి వెళ్లారు. ఇంకా మేము ఇవ్వాల్సింది ఏముంది?

వాళ్లు చూపించింది మెనూ. ముందు మాస్టర్స్ (సభ్యులు, సరుకుల జాబితాలు), తర్వాత ట్రాన్సాక్షన్స్, ఆఖర్న రిపోర్ట్స్. ప్రోగ్రాం రాసినవాళ్లకి అది వరస. కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికి రోజు ఆ వరసలో గడవదు. రైతు వచ్చి "యూరియా రెండు బస్తాలు ఇవ్వండి, పాత బాకీలో కొంత కడతా, అలాగే మా నాన్న పేరు మీదున్న షేరు నా పేరు మీదికి మార్చాలంటే ఏం కావాలి" అని ఒకే ఊపిరిలో అడుగుతాడు. ఆ మూడు పనులూ మూడు వేర్వేరు మెనూల్లో ఉంటాయి. ఏది ముందు తెరవాలి, ఏ రసీదు ముందు ఇవ్వాలి, వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణుగుతుంటే ఏది తర్వాతకి వాయిదా వెయ్యొచ్చు అన్నది కంపెనీ కుర్రాడికి తెలియదు, చెప్పలేడు. అతని తప్పేం లేదు. అది మీ సంస్థకి మాత్రమే తెలిసిన సంగతి, కాబట్టి నేర్పాల్సింది కూడా మీరే.

ఇంకోటి. ఆ రెండు రోజులూ నలభై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి గోడ మీద ప్రొజెక్టర్ వేసి ఉంటారు. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది. భోజనం తర్వాత వెనక వరసలో ఎంతమంది మేలుకుని ఉన్నారో మీకూ తెలుసు. చెయ్యి కీబోర్డ్ మీద పడని ట్రైనింగ్‌ని నేను ట్రైనింగ్ కింద లెక్కెయ్యను.

సరే, మొదటి రోజు ఏది నేర్పాలి?

తప్పు దిద్దుకోవడం.

లాగిన్ కాదు, రసీదు కొట్టడం కాదు. అవి ఎలాగూ వస్తాయి. మొదటి రోజే తప్పు ఎంట్రీ ఎలా పడుతుందో, పడితే ఎలా వెనక్కి తీసుకోవాలో నేర్పండి. నేను మొదట్లో ఇది చివరి రోజుకి పెట్టుకునేవాణ్ణి, "అడ్వాన్స్‌డ్" అని పేరు కూడా పెట్టాను. ఎందుకు మార్చుకున్నానో చెబుతాను.

ఒక సంఘంలో ఒక గుమస్తా, కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన రెండో వారం. రైతు 4,500 వాయిదా కట్టాడు. ఆవిడ 45,000 కొట్టింది. సేవ్ అయింది, రసీదు ప్రింటయి బయటికొచ్చింది. అప్పుడు చూసుకుంది. ఆ కాగితం సొరుగులో పెట్టేసి, రైతుకి చేత్తో రాసిన రసీదు ఇచ్చి పంపించేసింది. సాయంత్రం లెక్క చూస్తే సిస్టమ్ ప్రకారం ఉండాల్సిన నగదుకి 40,500 తక్కువ. ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా నిద్ర లేదు. గాజులు తాకట్టు పెడితే ఎంతొస్తుందని లెక్క వేసుకుందట. మర్నాడు నేను అటు వెళ్లడం, ఆవిడ మొహం చూసి అడగడం వల్ల బయటపడింది. మేనేజర్ లాగిన్ నుంచి ఆ రసీదు రద్దు చేసి, సరైన మొత్తం మళ్లీ కొట్టడానికి పట్టింది మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాల పని నేను చివరి రోజుకి దాచుకున్నాను.

సిబ్బంది కంప్యూటర్‌కి భయపడతారని అందరూ అంటారు. కంప్యూటర్‌కి ఎవరూ భయపడరు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. భయమల్లా జీతంలో రికవరీ, మెమో, ఆడిట్ అభ్యంతరం. కాగితం మీద తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సంతకం పెట్టడం వాళ్లకి తెలుసు. తెర మీద ఆ గీత ఎక్కడ కొట్టాలో తెలియనంతకాలం ప్రతి క్లిక్కూ టెన్షనే.

అందుకే ఇప్పుడు నా మొదటి గంట ఇలా ఉంటుంది. అందరితోనూ కావాలనే ఒక తప్పు రసీదు కొట్టిస్తాను. సేవ్ చెయ్యకముందు గమనిస్తే ఏం చెయ్యాలి, సేవ్ అయ్యాక మేనేజర్ ఆమోదించకముందైతే ఏం చెయ్యాలి, ఆ రోజు లెక్క మూసేశాక బయటపడితే మర్నాడు రివర్సల్ ఎంట్రీ, అంటే తప్పుని కొట్టేసే ఎదురు ఎంట్రీ, ఎలా వెయ్యాలి, మూడూ వాళ్ల చేత్తో చేయిస్తాను. తర్వాత మేనేజర్‌ని లేచి నిలబడమని, అందరి ముందు ఒక్క మాట చెప్పమంటాను: అదే రోజు చెప్పిన తప్పుకి మెమో ఉండదు అని. ఆ మాట మేనేజర్ నోటి నుంచే రావాలి, నా నోటి నుంచి కాదు. ఆయన చెప్పడానికి ఇబ్బంది పడితే శిక్షణ ఆ సంస్థలో ఎక్కడ ఆగుతుందో నాకు అక్కడే అర్థమైపోతుంది.

మా వాళ్లలో సగం మందికి యాభై దాటాయి. వాళ్లు నేర్చుకుంటారా, కొత్త కుర్రాళ్లని తీసుకోవడం మేలా?

నేర్చుకుంటారు. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చినప్పుడు, దస్తావేజులు చేత్తో నకలు రాసుకునే శాఖ సిబ్బందికే నేర్పి పని నడిపించారు. అంతకుముందు 1994లో కాన్సర్ట్ అనే రైల్వే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ ముందుగా మొదలైంది సికింద్రాబాద్‌లోనే. కౌంటర్ వెనక కూర్చున్నది ఆ పని తెలిసిన గుమస్తాలే.

వయసు పెద్ద అడ్డు కాదు. పని తెలియకపోవడం అడ్డు. ఇరవై ఏళ్లు పద్దులు రాసిన మనిషికి ట్రయల్ బ్యాలెన్స్ (జమా ఖర్చుల సరిచూపు పట్టిక) ఎందుకు కుదరలేదో తెర చూడగానే అనుమానం వస్తుంది, బటన్ ఎక్కడుందో మాత్రం వెతుక్కుంటాడు. కొత్తగా చేరిన బీకామ్ కుర్రాడు బటన్లన్నీ గంటలో పట్టేస్తాడు, కానీ అసలూ వడ్డీ తేడా లేకుండా ఒకే ఖాతాలో జమ చేసి నవ్వుతూ కూర్చుంటాడు. మొదటి మనిషికి నేర్పడం నాకు సులువు.

ఇద్దరినీ జోడీ కట్టడం మంచిదే, కానీ ఒక్క షరతు. మౌస్ పెద్దాయన చేతిలోనే ఉండాలి. "బాబాయ్, ఇటివ్వండి నేను చేసేస్తా" అని కుర్రాడు మౌస్ లాక్కున్న క్షణం నేర్చుకోవడం అయిపోయినట్టే. పని తొందరగా అవుతుంది, నేర్చుకునేది మాత్రం ఎవరూ ఉండరు. నేను కూర్చున్నప్పుడు నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చుంటాను. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. నవ్వనివ్వండి.

కంప్యూటర్ అసలే ముట్టుకోని వాళ్లకి ముందు బేసిక్స్ కోర్సు పెట్టించాలా?

వద్దు. పెయింట్‌లో బొమ్మలు గియ్యడం, వర్డ్‌లో లెటర్ కొట్టడం నేర్పి నెల పోగొట్టకండి. మీ సాఫ్ట్‌వేర్‌లోనే మొదలుపెట్టండి, వాళ్లకి కావాల్సిన బేసిక్స్ అందులోనే తగులుతాయి.

నిజంగా ఇబ్బంది పెట్టేవి చాలా చిన్నవి. నమ్ లాక్ ఆగిపోయి ఉంటుంది, కుడివైపు అంకెలు కొడుతుంటే ఏమీ పడవు, "కీబోర్డ్ పాడైంది సార్" అంటారు. క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉంటుంది, పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టి ఖాతా లాక్ అవుతుంది. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి ఎంటర్ నొక్కుతారు, ఫారం సగంలోనే సేవ్ అయిపోతుంది. అన్నిటికంటే ఖరీదైనది డబుల్ క్లిక్. డెస్క్‌టాప్ మీద ఐకాన్‌ని రెండుసార్లు నొక్కాలని చెబుతాం కదా, అదే అలవాటుతో సబ్మిట్ బటన్‌ని కూడా టకటకా రెండుసార్లు నొక్కుతారు. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున, బలహీనంగా కట్టిన సాఫ్ట్‌వేర్ అయితే, ఒకే వాయిదాకి రెండు రసీదులు. ఐకాన్‌కి రెండు, బటన్‌కి ఒకటి అని మానిటర్ కింద చీటీ అంటించండి. మరీ చిన్నపిల్లలకి చెప్పినట్టుందని మొహమాట పడకండి.

పేరు కొడితే రైతు దొరకట్లేదు, దాంతో కొత్త ఖాతా తెరిచేస్తున్నారు. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా, శిక్షణ లోపమా?

రెండూ. అయితే సాఫ్ట్‌వేర్ దిద్దేదాకా ఆగలేరు కాబట్టి శిక్షణలో దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మన ప్రాంతంలో ఇంతకంటే ఎక్కువ నష్టం చేసే విషయం నేను చూడలేదు.

మన పేర్ల సంగతి చూడండి. ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. ఒక గుమస్తా ఇంటిపేరు మొదటి గడిలో వేస్తాడు, ఇంకొకరు రెండో గడిలో, మూడోవాళ్లు పొడి అక్షరంగా కుదించి పేరు ముందు చుక్క పెడతారు. ఆధార్‌లో ఒకలా, పాసు పుస్తకంలో ఒకలా ఉంటుంది. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్‌లో కొందరు ఎక్స్‌తో రాస్తారు, కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. వెంకటేశ్వరరావు ఒకే మాటా, రెండు మాటలా అన్నది రాసేవాళ్ల ఇష్టం.

తెలుగులో కొడితే పీడ వదులుతుందనుకుంటే, అక్కడ ఇంకో చిక్కు. ఒకరికి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అలవాటు, ఒకరు ఫోన్లో లాగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పిస్తారు, డీటీపీ నుంచి వచ్చినవాళ్లు "అను" అనే పాత ఫాంట్లలో కొట్టిన ఫైల్ తెచ్చి అతికిస్తారు, అది తెర మీద పిచ్చి గీతల్లా పడుతుంది. అన్నీ యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే పద్ధతిలో) కొట్టినా, శ్రీనివాస్ లాంటి పేరు చివర పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం చేరుతూ ఉంటుంది. కొన్ని కీబోర్డ్‌లు దాన్ని తమంతట తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూడ్డానికి రెండు పేర్లూ ఒక్కటే. కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. వెతికితే దొరకదు, గుమస్తా నిజాయితీగానే కొత్త ఖాతా తెరుస్తాడు. ఏడాది తిరిగేసరికి ఒకే మనిషికి మూడు ఖాతాలు, మూడింట్లో మూడు బాకీలు.

శిక్షణలో నేను చెప్పేది ఒకటే పద్ధతి. పూర్తి పేరుతో ఎప్పుడూ వెతకొద్దు. సభ్యత్వ నంబరు, అది లేకపోతే ఫోన్ నంబరు, అదీ లేకపోతే ఊరు ఎంచుకుని పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే. ఈ మూడూ చేశాకే కొత్త ఖాతా. రైతు సభ్యత్వ నంబరు గుర్తుపెట్టుకోడు కాబట్టి దాన్ని అతని పాసు పుస్తకం అట్ట మీద మార్కర్ పెన్‌తో పెద్దగా రాయించండి. ఒక సంఘంలో ఇలా రాయించాక కొత్త నకిలీ ఖాతాలు దాదాపు ఆగిపోయాయి. పాతవి సరిచెయ్యడం మాత్రం ఇప్పటికీ అవుతూనే ఉంది.

మొత్తం ఎన్ని రోజులు పెట్టాలి?

రోజులు కాదు, గంటలు లెక్క పెట్టండి. ఒకే రోజు ఎనిమిది గంటలు కూర్చోబెట్టే బదులు, పొద్దున కౌంటర్ తెరవకముందు గంట చొప్పున ఎనిమిది పొద్దులు మేలు. నేర్చుకున్నది వాడకపోతే ఎంత వేగంగా మర్చిపోతామో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడు. మొదటి రోజుల్లో జారిపోయేదే ఎక్కువ. పొద్దున నేర్పింది అదే పూట కౌంటర్లో చేస్తే అది నిలుస్తుంది.

ఎన్నాళ్లన్నదానికంటే ఎప్పుడన్నది ముఖ్యం. సహకార సంఘంలో మార్చిలో శిక్షణ పెట్టకండి, పంట రుణాల రెన్యువల్ హడావిడి, ఏడాది లెక్కల మూసివేత. ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో పెట్టకండి. ఆసుపత్రిలో వానాకాలం జ్వరాల సీజన్లో నర్సుల్ని పిలవకండి. ఇది రాయాల్సిన సంగతేనా అనిపించొచ్చు. మార్చి 28న శిక్షణకి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చిన సందర్భం ఉంది.

అలవాటు పడటానికి అసలు సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టి చూసుకోమనొచ్చా?

అస్సలు వద్దు. ప్రాక్టీస్ కోసం వేరే కాపీ అడగండి. ఇవ్వని కంపెనీకి చివరి బిల్లు ఆపండి. ఆ కాపీ తెర రంగు వేరేగా ఉండాలి, ఎర్రటి పట్టీ ఒకటి పైన కనిపించాలి, లేకపోతే ఏది అసలో ఏది నకలో ఎవరికీ తెలియదు. అందులో నిజమైన జనం పేర్లు, ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు ఉండకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం వచ్చింది. ఆ చట్టం సంగతి పక్కన పెట్టినా, పక్కింటాయన బాకీ ఎంతో ట్రైనింగ్ హాల్లో తెర మీద కనబడితే ఊళ్లో ఏమవుతుందో ఊహించుకోండి.

ఒక చోట ప్రాక్టీస్ కోసం "టెస్ట్ రైతు" అని ఒక సభ్యుణ్ణి అసలు సిస్టమ్‌లోనే చేర్చి లక్ష రూపాయలు రుణం ఇచ్చారు. తీసెయ్యడం మర్చిపోయారు. వడ్డీ పెరుగుతూ పోయింది, బకాయిదారుల జాబితాలో ఎక్కాడు, నోటీసు కూడా ప్రింటయింది. ఆడిటర్ వచ్చి "ఈ టెస్ట్ గారు ఏ ఊరు?" అని అడిగేదాకా ఎవరూ గమనించలేదు.

కంపెనీ 180 పేజీల మాన్యువల్ ఇచ్చింది. ఎవరూ తెరవట్లేదు.

నేనూ తెరవను. అది అల్మారాలో ఉండనివ్వండి, ఆడిట్ వాళ్లు అడిగితే చూపించొచ్చు.

దాని బదులు సిబ్బంది సొంత నోటు పుస్తకాలు చూడండి. ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, ఎక్కువగా ఆడవాళ్లే, డైరీ వెనక పేజీల్లో "ముందు 3 నొక్కాలి, తర్వాత పైన కుడివైపు పచ్చది, రెండు నిమిషాలు ఆగాలి, ఎర్ర అక్షరాలు వస్తే భయపడొద్దు, మళ్లీ నొక్కాలి" అని రాసుకుంటారు. నాకు దొరికిన మంచి మాన్యువల్స్ అన్నీ అలాంటివే. అవి తీసుకుని, రాసినవాళ్ల అనుమతితో శుభ్రంగా టైప్ చేయించి, పనికి ఒక్క పేజీ చొప్పున లామినేషన్ చేయించి కౌంటర్ దగ్గర వేలాడదీయండి. పేజీ పైన పని పేరు సిబ్బంది అనుకునే మాటల్లోనే ఉండాలి: "రైతు వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు". మెనూ పేరు శీర్షికగా పెట్టకండి.

తెలుగులో రాయండి, కానీ బటన్ల పేర్లు అనువదించకండి. తెర మీద సబ్మిట్ అని ఉంటే కాగితం మీద కూడా సబ్మిట్ అనే ఉండాలి. "సమర్పించు నొక్కండి" అని రాస్తే ఆ సమర్పించు ఎక్కడుందని గంటసేపు వెతికినవాళ్లని చూశాను.

వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా?

రెండు నిమిషాల వీడియో, ఒకే పని, మీ ఆఫీసు మనిషి గొంతుతో అయితే పనికొస్తుంది. ఇరవై నిమిషాల వీడియో ఎవరూ చూడరు. వాట్సాప్ గ్రూపులో సందేహాలు అడగడం వరకు బాగుంటుంది, కానీ మొదటి రోజే ఒక నియమం పెట్టండి: తెర ఫోటో పెట్టే ముందు పేరు, ఆధార్, ఖాతా నంబరు మీద వేలు అడ్డం పెట్టి తియ్యాలి. శుభోదయాలకి వేరే గ్రూపు.

నేర్పే బాధ్యత ఎవరికివ్వాలి?

బాగా తెలిసినవాళ్లకి కాదు, విసుక్కోకుండా రెండోసారి చెప్పగలిగేవాళ్లకి. పక్క టేబుల్ మనిషి అయితే మరీ మంచిది, "ఏంటక్కా ఇది మళ్లీ ఆగిపోయింది" అని కుర్చీ తిప్పి అడగొచ్చు. అయితే ఆ మనిషికి రోజూ చేసే పనిలోంచి కొంత తగ్గించండి. తగ్గించకుండా పైన ఇది కూడా పెడితే రెండు నెలల్లో విసుక్కోవడం మొదలెడతారు, అప్పుడు మొదటి అర్హత పోయినట్టే కదా.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు గ్రామ సచివాలయానికి డిజిటల్ అసిస్టెంట్ అని ప్రత్యేకంగా ఒక పోస్టే పెట్టారు. మంచి ఆలోచన. కానీ ఎక్కడైనా అలాంటి ఒక మనిషి ఉన్నాడంటే మిగతా అందరూ తమ లాగిన్లు, ఓటీపీలు అతని ముందు పెట్టేసి టీకి వెళ్లడానికి అలవాటు పడతారు. ఆ ఒక్కడు సెలవు పెట్టిన రోజు ఆఫీసుకి తాళమే. మీ దగ్గర అలా అవుతోందో లేదో తెలుసుకోవడం సులువు. ఆ మనిషిని వారం రోజులు సెలవు మీద పంపండి.

పాస్‌వర్డ్‌లు అందరూ అందరికీ చెప్పేసుకుంటున్నారు. ఎంత చెప్పినా వినరు.

ఎందుకు చెప్పుకుంటున్నారో ముందు చూడండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు ఆమోదించాలి. ఆమోదించాల్సిన సీఈవో జిల్లా బ్యాంకు మీటింగ్‌కి వెళ్లారు, కౌంటర్ దగ్గర పదిమంది నిలబడ్డారు. ఆయనే ఫోన్‌ చేసి "నా పాస్‌వర్డ్ కొట్టి అప్రూవ్ చేసెయ్ అమ్మా" అంటారు. ఇక్కడ క్రమశిక్షణ గురించి ఉపన్యాసం ఇస్తే ఏం లాభం? ఆయన లేనప్పుడు ఆమోదించే అధికారం ఇంకొకరికి రాతపూర్వకంగా ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు పెట్టించాలి.

గుమస్తాకి మాత్రం నేను విడిగా ఒక మాట చెబుతాను. మీ పేరు మీద పడిన ఎంట్రీకి మీదే బాధ్యత, మీరు ఆ టైములో ఇంట్లో అన్నం తింటున్నా సరే. సిస్టమ్‌లో ఎవరు, ఎన్ని గంటలకి, ఏం చేశారో పడిపోతుంది. ఆ లాగ్ రిపోర్ట్ ఒకసారి తెరిచి వాళ్ల పేరు వాళ్లకి చూపించండి. పోస్టర్ల కంటే అది బాగా పనిచేస్తుంది.

కంప్యూటర్ వచ్చినా పాత రిజిస్టర్లు కూడా రాస్తున్నారు. ఎప్పుడు ఆపాలి?

తేదీ ముందే ప్రకటించి ఆపాలి. నెల, మహా అయితే రెండు నెలలు రెండూ నడపండి. అంతకు మించితే సిబ్బంది రిజిస్టర్‌నే అసలు అనుకుని, సాయంత్రం ఐదు తర్వాత ఎవరో ఒకరు అందులోంచి చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలెడతారు. అప్పుడు మీకున్నది ఖరీదైన టైపు మిషను.

అయితే కొందరు రిజిస్టర్ వదలకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, మర్యాదగా ఎవరూ పైకి అనరు. పాత లెక్కలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏళ్ల నాటి తేడాలు బయటపడతాయి. కేంద్ర క్యాబినెట్ 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకి ఆమోదం ఇచ్చింది, అందరికీ ఒకే తరహా సాఫ్ట్‌వేర్ అన్నది ఆలోచన. అలాంటి పనిలో మీట నొక్కడం నేర్పడం చిన్న భాగం. సభ్యులవారీ బాకీల మొత్తం, జనరల్ లెడ్జర్‌లో (సంఘం మొత్తం ఖాతాల పుస్తకంలో) ఉన్న మొత్తం ఒకటి కాకపోతే సిస్టమ్ ఒప్పుకోదు. ఆ తేడా ఎప్పుడో రిటైరైన మనిషి కాలం నాటిది కావచ్చు. ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ల మెడకి చుట్టుకుంటుందని వాళ్ల దిగులు. దాన్ని "కంప్యూటర్ రాదు" అనే మాట వెనక దాచుకుంటారు. కాబట్టి శిక్షణ మొదలయ్యే ముందే, పాత తేడాలు ఏ ఖాతాలో పెట్టాలో, ఎవరు సంతకం పెట్టాలో పాలకవర్గమూ ఆడిటరూ తేల్చాలి. ఇది తేల్చాక "రాదు" అన్నవాళ్లలో కొందరికి వారంలో వచ్చేసింది.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్ష పెట్టాలా, సర్టిఫికెట్ ఇవ్వాలా?

సర్టిఫికెట్ ఇస్తే సంతోషిస్తారు, ఇవ్వండి. పరీక్ష వల్ల పెద్దగా ఏమీ తెలియదు. శిక్షణ ఫలితాన్ని కొలవడం గురించి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ 1959లో రాసిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ అందరూ చెబుతారు: నచ్చిందా, వచ్చిందా, పనిలో వాడుతున్నారా, సంస్థకి లాభం కనిపించిందా. మనవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించుకుని ఇంటికెళతారు. ఆ ఫారంలో అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు, బస్సు టైమవుతుంటే ఇంకేం రాస్తారు.

నేను నెల తర్వాత వెళ్లి మూడు చూస్తాను. రోజు మూసేసరికి ఎన్ని గంటలవుతోంది. తప్పు దిద్దిన ఎంట్రీలు ఎన్ని ఉన్నాయి, ఇవి మొదటి నెలలో సున్నా ఉంటే నాకు అనుమానం, తప్పులు లేక కాదు, దాచిపెడుతున్నారని. మూడోది, టేబుల్ సొరుగు. అందులో కొత్తగా చేత్తో గీసిన గళ్ల నోటు పుస్తకం ఉంటే, సాఫ్ట్‌వేర్ ఇవ్వని రిపోర్ట్ ఏదో వాళ్లకి కావాలన్నమాట. ఆ పుస్తకం ఫోటో తీసి కంపెనీకి పంపిస్తాను.

సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు. ప్రతిసారీ శిక్షణా?

పూర్తి శిక్షణ అక్కర్లేదు, కానీ మారిందని ముందు రోజు చెప్పాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు బిల్లింగ్ చేసే ప్రతి చోటా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ముందు రోజు సాయంత్రం పావుగంట కూర్చోబెట్టి, ఏ సరుకు ఏ రేటుకి మారింది, పాత బిల్లు మీద సరుకు వాపసు వస్తే ఏ రేటు పడాలి అన్నవి రెండు చూపించిన చోట మర్నాడు పెద్ద గొడవ లేదు. చెప్పని చోట పొద్దున మొదటి కస్టమరే గుమస్తాకి నేర్పాడు.

కరెంటు పోతే, నెట్ పోతే ఏం చెయ్యాలో కూడా నేర్పాలా?

తప్పకుండా, అది కూడా నిజంగా పీకి చూపించి. శిక్షణ చివరి రోజుల్లో ఒకసారి, అందరూ రసీదు కొడుతుండగా నేను చెప్పకుండా నెట్ కేబుల్ పీకేస్తాను. హాలంతా గోల. కొందరు అదే బటన్ పదిసార్లు నొక్కుతారు. కొందరు పేజీ మూసేస్తారు. కేబుల్ మళ్లీ పెట్టాక అడుగుతాను, "మీ రసీదు పడిందా, పడలేదా?" ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఆ రోజు రసీదుల జాబితా తెరిచి, ఆ సభ్యుడి నంబరు కొట్టి, పడిందో లేదో చూసుకోవడం నేర్పుతాను. పడి ఉంటే మళ్లీ ప్రింట్ తియ్యాలి, పడకపోతేనే కొత్తగా కొట్టాలి.

గంట దాటి నెట్ రాకపోతే వాడటానికి ముందే నంబర్లు వేసిన చేతి రసీదు పుస్తకం ఒకటి, సీఈవో సంతకం పెట్టి ఇచ్చింది, కౌంటర్ దగ్గర ఉండాలి. నెట్ వచ్చాక ఆ రసీదులు సిస్టమ్‌లో ఎక్కించేటప్పుడు చేతి రసీదు నంబరుని వివరాల గడిలో కొట్టాలి. ఆ పుస్తకం ఎవరి దగ్గరుందో, తాళం ఎవరి దగ్గరుందో కౌంటర్ పక్కన వేలాడే ఆ లామినేషన్ పేజీల మీదే రాసి పెట్టండి.